వీధి గుత్త వ్యాజ్యం

ఉద్యోగకాలంలో కొన్నేండ్లు ఒక చిన్న పట్టణంలో తెలుగు చెప్పినాను. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. పోచంపల్లిలో పుట్టి పెరిగినవాడిని. మగ్గం చప్పుడు వినిపించని చోట నాకు నిద్ర పట్టదు. అందుకని అక్కడ కూడా వెదికి వెదికి నేతవాళ్ల వీధిలోనే ఇల్లు అద్దెకు తీసుకున్నాను.

నేతవాళ్లకు వీధి నడకకు మాత్రమే కాదని చదువరులలో కొందరికైనా తెలిసి ఉంటుంది. ఇంట్లో పట్టని పొడవైన పడుగును తెల్లవారుజామున వీధిలో సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టుకుంటారు. అంటే వీధి కూడా మగ్గంలో ఒక భాగమే. ఆ వీధికి సిమెంటు పరచాలని మంజూరయింది. తవ్వినారు. కంకర కుప్పలు పోసినారు. అంతలో టెండరు దక్కని వ్యక్తి న్యాయస్థానానికి పోయి నిలుపుదల ఉత్తర్వు తెచ్చినాడు. రెండు వానాకాలాలు ఆ కుప్పలు అట్లనే ఉన్నవి. పడుగు సాచే చోటు లేక కొందరు ఊరి బయట బీడులోకి పోయినారు, కొందరు ఆ పనే మానుకున్నారు.

ఒకనాటి సాయంత్రం ఎదురింటి పెద్దాయన అరుగు మీద కూర్చుని అడిగినాడు: "సారూ, ఆ కోర్టుల ఇద్దరు కంట్రాక్టర్లు కొట్లాడుతున్నరు గదా, మన ముచ్చట ఎవలన్న చెప్పిన్రా ఆడ?"

"లేదు పెద్దయ్యా, వాళ్లిద్దరు, సర్కారు. అంతే," అన్నాను.

"మరి వీధి మనది గదా?"

ఛందస్సు అడిగితే చెప్పగలను గాని దీనికి నా దగ్గర సమాధానం లేకపోయింది. విరమణ తరువాత తీరిక దొరికినప్పుడు, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఇటువంటి వ్యాజ్యాల తీర్పులను కొన్నింటిని ఓపికగా చదివినాను. ఆ పెద్దాయన ప్రశ్న కొత్తది కాదని, నూరేండ్లకు పైబడిన చరిత్ర దానికి ఉన్నదని అప్పుడు తెలిసింది.

ముందు మాట సంగతి చూద్దాం. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది! కాంట్రాక్టుకు మనకు గుత్త అనే మంచి మాట ఉన్నది. మొత్తం ఇంత అని ఒక్కమారుగా ఖరారు చేసుకుని అప్పగించడం గుత్త. అట్లా తీసుకున్నవాడు గుత్తేదారు. ఇదే మాటకు ఆధిపత్యం జోడించి పత్రికలవారు గుత్తాధిపత్యం అన్నారు. పోటీ లేకుండా ఒక్కడే చేజిక్కించుకోవడం దాని అర్థం. ఒకే బీజం నుండి పనిని పంచి ఇచ్చే మాటా పుట్టింది, పోటీని మింగివేసే మాటా పుట్టింది. ఈ రెండింటి నడుమ జరిగే పెనుగులాటే రేపటి మన కథ అని ఆ పదం ముందుగానే చెప్పినట్లున్నది.

మా నిజాం ఇలాకాలో గుత్త మొదట భూమిశిస్తుకు సంబంధించినది. తాలూకాలకు తాలూకాలే గుత్తకు పోయేవి. తీసుకున్నవాడు ఖజానాకు ఖరారు చేసిన సొమ్ము కట్టి, రైతు దగ్గర ఎంత పిండుకున్నా అడిగేవాడు లేడు. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగు ఈ పద్ధతిని క్రమంగా తొలగించి, 1865లో జిల్లాబందీ తెచ్చి, జీతం పుచ్చుకునే ఉద్యోగుల చేత వసూలు చేయించినాడు. కల్లు, సారా గుత్తలు మాత్రం చాలాకాలం సాగినవి. హర్రాజులో ఎవడు ఎక్కువ పాడితే వానిది.

రోడ్డు పనికి వచ్చేసరికి ఈ లెక్క తలక్రిందులవుతుంది. అబ్కారీలో ఎక్కువ పాడినవాడు గెలుస్తాడు, వీధి పనిలో తక్కువకు అడిగినవాడు గెలుస్తాడు. మొదటి దానిలో మోసం జరిగితే ఖజానాకు రావలసినది తగ్గుతుంది, అది పద్దులో కనిపిస్తుంది. రెండవ దానిలో మోసం సిమెంటు పాలు తగ్గడంలో ఉంటుంది, అది రెండు వానలు పడితే గాని కనిపించదు. అందుకే వీధి గుత్తలో "తక్కువకు అడిగినవాడు" అన్న మాట ఒక్కటే ఎక్కడా చాలలేదు. "తగినవాడై తక్కువకు అడిగినవాడు" అని రాయవలసి వచ్చింది. వ్యాజ్యాలన్నీ ఆ "తగినవాడు" దగ్గర పుట్టినవి.

హైదరాబాదు నగరానికి 1869లో మునిసిపాలిటీ వచ్చింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద ముంచివేసిన తరువాత 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి ఇరుకు వీధులను విడదీసింది; పత్తర్‌గట్టీ దాని నిర్మాణమే. అప్పటి నిజాం రాజ్యంలోనిదే అయిన షాబాదు నుండి బండలు వచ్చేవి, తరువాత సిమెంటూ వచ్చింది. మా ఇండ్లలో నేడు కూడా నేలకు పరిచేవి షాబాదు బండలే. 1930ల నాటికి నగరంలో కొన్ని వీధులకు సిమెంటు కాంక్రీటు పరచినారు. అయితే వీధి గుత్త ఎవరికి ఇవ్వాలన్న దాని మీద న్యాయశాస్త్రం పెరిగింది మాత్రం ఇక్కడ కాదు, అమెరికాలో. దానికి కారణమున్నది. అక్కడి నగరాలలో వీధి పరచడానికయ్యే ఖర్చును చాలాచోట్ల ఆ వీధికి ఆనుకుని ఉన్న ఇండ్లవారి మీదనే వేసేవారు. ఇంటిముఖం ఎన్ని అడుగులో కొలిచి అంత పన్ను. గుత్తేదారుకు పది రూపాయలు ఎక్కువ పోతే తన జేబులోంచి ఎంత పోయిందో ఇంటివానికి అణాపైసలతో తెలిసేది. అట్లా తెలిసినవాడు న్యాయస్థానానికి పోకుండా ఉంటాడా?

మొదటి పెద్ద తగవు కొయ్యబాట దగ్గర వచ్చింది. బోస్టనుకు చెందిన శామ్యూల్ నికల్సన్ కొయ్య దిమ్మెలను నిలువుగా పేర్చి, సందులలో తారు, గులకరాళ్లు నింపి వీధి పరిచే విధానం కనిపెట్టి 1854లో పేటెంటు పొందినాడు. గుర్రపు డెక్కల చప్పుడు వినిపించని బాట. చాలా నగరాలు మోజుపడినవి. కాని ఆ హక్కు ఒక్కరి చేతిలో ఉన్నది. పోటీ పెట్టి తక్కువకు అడిగినవానికే పని ఇవ్వాలని నగర శాసనం చెబుతుంటే, ఒక్కడు మాత్రమే చేయగల పనికి పోటీ ఎక్కడిది? గుత్తకు, గుత్తాధిపత్యానికి ముఖాముఖి పోరు ఇదే. 1868లో డెట్రాయిట్ నగరం మీద హోబార్ట్ వేసిన వ్యాజ్యంలో మిషిగన్ న్యాయమూర్తి కూలీ, ఆ శాసనం మంచి బాటను ఎంచుకునే హక్కును నగరం నుండి లాగివేయదని చెప్పినాడు. మరుసటి ఏడాది, 1869లో, డీన్–చార్ల్‌టన్ వ్యాజ్యంలో విస్కాన్సిన్ న్యాయస్థానం సరిగ్గా వ్యతిరేకంగా తీర్పిచ్చింది: పోటీ సాధ్యం కానిదాన్ని పోటీ నియమం కింద కొనలేరు అని. ఒకే బాట, ఒకే తీరు నియమం. సరిహద్దు దాటితే చెల్లదు. ఏది సరి అని నన్నడిగితే రెండవదాని వైపే మొగ్గుతాను. బాట ఎంత మంచిదైనా, దానికి ధర చెప్పేవాడు ఒక్కడే అయినప్పుడు ఆ ధర సబబో కాదో కట్టేవానికి తెలిసే దారి లేదు.

నాకు అన్నింటికంటె ముఖ్యమనిపించినది 1897 నాటి డెన్వరు నగర వ్యాజ్యం. వీధులు పరచే పనికి పోటీ పిలిచినారు. నగర పనుల మండలి కొలరాడో పేవింగ్ కంపెనీ వైపు మొగ్గింది. మర్ఫీ అనే పోటీదారు, పని న్యాయంగా తనకు రావలసినదని, కంపెనీతో ఒప్పందం జరగకుండా ఆపాలని కోరినాడు. క్రింది న్యాయస్థానం ఆపివేసింది. అప్పీలులో న్యాయమూర్తి వాల్టర్ సాన్‌బర్న్ ఆ నిలుపుదలను రద్దు చేసినాడు. ఆయన వాదం సారాంశంగా ఇది: తగినవాడై తక్కువకు అడిగినవానికే పని ఇవ్వాలన్న నియమం పోటీదారుల మేలు కోసం పుట్టినది కాదు. పన్ను కట్టేవాడిని, ఆ వీధిలో ఆస్తి ఉన్నవాడిని కాపాడటానికి పుట్టినది. నియమం ఎవరి కోసమో, దానిని పట్టుకుని న్యాయస్థానానికి రాగలవాడూ వాడే. మర్ఫీ వచ్చినది పోటీదారుగా. తనకు రాబోయే లాభం తప్పిపోయిందని. ఆ లాభం మీద అతనికి హక్కు ఇంకా పుట్టనేలేదు.

ఈ తీర్పు చదివిన రాత్రి పెద్దాయన గుర్తుకు వచ్చినాడు. "మరి వీధి మనది గదా?" అని అతడు అడిగినదే నూరేండ్ల ముందు సాన్‌బర్న్ రాసినాడు. నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. పన్నుదారుది హక్కు సరే. కాని టెండరు కాగితాలు చూసేది, పక్కవాడి ధర ఎంతో తెలిసేది, మోసం జరిగితే ముందుగా పసిగట్టేది ఓడిన పోటీదారే. వాడిని గుమ్మం దగ్గరే ఆపితే లోపల జరిగినది ఎవరు చెబుతారు? ఇంటి కన్నం సంగతి దొంగకే బాగా తెలుసునంటే కొంచెం కటువుగా ఉంటుంది గాని, సంగతి అదే.

మన దేశంలో కథ మరొక దారి పట్టింది. తొలినాళ్లలో, ప్రభుత్వం కూడా అందరివలె ఒక కొనుగోలుదారే, ఎవరితో బేరం చేసుకుంటుందో దాని ఇష్టం అన్న ధోరణి ఉండేది. కేరళలో కన్నూరు ఆసుపత్రికి పాలు పోసే కాంట్రాక్టు రద్దు చేసి సహకార సంఘానికి ఇచ్చినప్పుడు, సి.కె. అచ్యుతన్ అనే ఆయన సమానత్వపు హక్కు అని వాదిస్తే సుప్రీంకోర్టు వినలేదు. ఇరవై ఏండ్లకు గాలి మారింది. బొంబాయి విమానాశ్రయంలో ఒక ఫలహారశాల, రెండు చిరుతిండి అంగళ్ల టెండరు. అయిదేండ్ల అనుభవమున్న నమోదిత రెండవ తరగతి హోటలువారే అర్హులని ప్రకటించి, ఆ అర్హత లేనివానికి పని ఇచ్చినారు. రమణ దయారాం శెట్టి వ్యాజ్యంలో 1979 మే 4న న్యాయమూర్తి పి.ఎన్. భగవతి చెప్పినది ఇది: సర్కారు తాను పెట్టుకున్న కొలతకు తాను కట్టుబడాలి, తనకు ఇష్టమైనవాని కోసం దానిని నడిమధ్యన సడలించరాదు.

అయితే ఈ తీర్పు కడభాగాన్ని చాలామంది చెప్పరు. శెట్టిగారికి దక్కినది ఏమీ లేదు. ఆయన టెండరే వేయలేదు. అర్హత తప్పనిసరి కాదని తెలిస్తే తానూ వేసేవాడినన్నాడు. వేరొకరి తరఫున వచ్చినాడని న్యాయస్థానం గ్రహించింది. ఆయన నెలల తరబడి ఆలస్యం చేసినాడు, అవతలివాడు ఈలోగా లక్ష రూపాయలకు పైగా ఖర్చు పెట్టినాడు. సూత్రం గెలిచింది, వ్యాజ్యం కొట్టుపోయింది.

తలుపు మాత్రం తెరుచుకున్నది. తరువాతి దశాబ్దాలలో టెండరు దక్కని ప్రతివాడికీ హైకోర్టు దారి కనబడింది. కొందరు నిజంగా అన్యాయమైపోయినవారే. మన రాష్ట్రంలో టెండరు పెట్టె దగ్గర జరిగే తతంగం చూసినవారికి విడమరిచి చెప్పనక్కరలేదు. కార్యాలయపు గేటు దగ్గర మనుషులను నిలబెట్టి కొత్తవాడిని లోపలికి పోనివ్వకపోవడం, గుత్తేదారులంతా ఒక గదిలో కూర్చుని "ఈసారి నీది, వచ్చేసారి నాది" అని రింగు కట్టడం, తప్పుకున్నవారికి ఇంత అని పంచడం. ఆ పంపకానికి గుడ్‌విల్లు అని ముద్దుపేరు. ఇంగ్లీషులో ఆ మాటకు సద్భావన అని అర్థం! రింగులో ధర ఎప్పుడూ అంచనాకు మించే ఉంటుంది.

దీనికి విరుగుడుగా 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టెండర్లను కంప్యూటరు ద్వారా దాఖలు చేసే పద్ధతి మొదలుపెట్టింది. గేటు దగ్గర కాపలా కాసేవానికి పని పోయింది. అదే ఏడాది జులై 1న వచ్చిన 94వ నంబరు ఉత్తర్వు, అంచనా మీద 5 శాతానికి మించి ఎక్కువకు వేసిన టెండరును ఒప్పుకోవద్దన్నది. మరీ తక్కువకు, 25 శాతానికి మించి లెస్సుకు వేసినవాడు ఆ తేడాకు అదనపు ధరావత్తు కట్టాలన్నది. ఈ రెండవ నియమం నాకు నచ్చింది. ఎక్కువకు అడిగినవాడు బయటికే దొంగ; బాగా తక్కువకు అడిగినవాడు వీధిలో సిమెంటు బదులు ఇసుక పోసి ఆ తేడాను రాబట్టుకుంటాడేమోనన్న అనుమానం దాని వెనుక ఉన్నది. తక్కువ ధరను మాత్రమే చూసే కన్ను సరిపోదని సర్కారు కాగితమే ఒప్పుకున్నట్లు.

వ్యాజ్యాలు తగ్గలేదు. న్యాయస్థానాలు మాత్రం క్రమంగా చేయి వెనక్కి తీసుకున్నవి. ఇందులో ఒక మైలురాయి మన హైదరాబాదు కంపెనీదే. మహారాష్ట్ర విద్యుత్తు బోర్డు ఖాపర్‌ఖేడా విద్యుత్కేంద్రంలో ఒక పనిని రౌనక్ ఇంటర్నేషనల్‌కు ఇచ్చింది. ఐవీఆర్ కన్‌స్ట్రక్షన్ అభ్యంతరం చెప్పింది, బొంబాయి హైకోర్టు నిలుపుదల ఇచ్చింది. తీరా చూస్తే అర్హత నియమానికి ఇద్దరూ పూర్తిగా సరిపోలేదు! 1998 డిసెంబరు 9న సుప్రీంకోర్టు నిలుపుదలను కొట్టివేస్తూ, పని ఆపేముందు న్యాయమూర్తి ప్రజల నష్టాన్ని తూచాలని, ఆలస్యం వల్ల పెరిగే ఖర్చును చూడాలని, చివరకు ఓడితే ఆ నష్టం కట్టడానికి అర్జీదారు చేత హామీ పెట్టించుకోవాలని చెప్పింది. 2006లో ఒడిశా రోడ్డు పనుల మీద జగదీశ్ మండల్ వ్యాజ్యం వచ్చింది. ధరావత్తుగా పెట్టిన పోస్టాఫీసు పాసుపుస్తకపు ఖాతా అప్పటికే మూసివేసి ఉన్నదన్నది అందులో ఒక తగవు. అక్కడ న్యాయస్థానం రెండే ప్రశ్నలు మిగిల్చింది: నిర్ణయంలో దురుద్దేశమో, తెలివిగలవాడెవడూ చేయని అన్యాయమో ఉన్నదా? ప్రజాహితానికి దెబ్బ తగిలిందా? రెంటికీ కాదన్నదే జవాబైతే జోక్యం వద్దు. 2018లో నిర్దిష్ట ఉపశమన చట్టాన్ని సవరించి, రోడ్ల వంటి మౌలిక నిర్మాణాలు ఆలస్యమయ్యేటట్లు నిలుపుదల ఇవ్వరాదన్నారు. 2022 మార్చి 21న ఝార్ఖండ్ రోడ్డు ఒకదాని మీద ఎన్.జి. ప్రాజెక్ట్స్ తీర్పులో సుప్రీంకోర్టు మరింత తేటగా చెప్పింది: టెండరు దక్కనివానికి అన్యాయం జరిగితే నష్టపరిహారం ఇప్పించండి, రోడ్డును ఆపవద్దు.

మా నేతవీధికి ఈ మాట ముందే అంది ఉంటే ఆ రెండు వానాకాలాలు గడిచేవి కావు. అయినా ఒక చిక్కు మిగిలే ఉన్నది. డబ్బు ఇస్తే తృప్తి పడవలసినవాడు గుత్తేదారు. ఆ డబ్బు వచ్చేది ఎవరి సొమ్ములోంచి? తప్పు చేసిన అధికారి జేబులోంచి కాదు. వీధిలోనివాడు ఒక బాటకు ఇద్దరికి సొమ్ము కట్టినట్లవుతుంది.

వీధివాడు స్వయంగా న్యాయస్థానంలో నిలబడిన సందర్భం లేదా అంటే, ఉన్నది. అది టెండరు వ్యాజ్యం కాదు, వేరే గుమ్మం. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో న్యూ రోడ్డు నివాసులు మురుగు, దుర్గంధం భరించలేక క్రిమినల్ ప్రొసీజర్ కోడు 133వ సెక్షను కింద మేజిస్ట్రేటు దగ్గరికి పోయినారు. మునిసిపాలిటీ డబ్బు లేదన్నది. 1980 జులైలో న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ సాకును తోసిపుచ్చి, కాలువలు కట్టి తీరాలని గడువు పెట్టినాడు. ప్రజల దారికి అడ్డమైనదాన్ని తొలగించమనే ఆ సెక్షను 2024 జులై నుండి కొత్త నాగరిక సురక్షా సంహితలో 152వది. అర్జీ పెట్టడానికి టెండరు వేసి ఉండనక్కరలేదు, గుత్తేదారు కానక్కరలేదు. ఆ వీధిలో ఉంటే చాలు.

ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే కంకర కుప్పల మీద అర్జీ నేనే రాసి ఇచ్చేవాడిని. అర్జీ రాయడం తెలుగు పంతులుకు చేతనైన పనే గదా.

మా పోచంపల్లి 2018లో పురపాలక సంఘమయింది. 1951 ఏప్రిల్ 18న వినోబాభావే ముందర వెదిరె రామచంద్రారెడ్డిగారి నూరెకరాలు ఏ టెండరూ లేకుండా చేతులు మారిన ఊరిది. ఇప్పుడిక ప్రతి సందుకూ అంచనా, నోటీసు, ధరావత్తు, లెస్సు, ఎక్సెస్సు. మొన్న ఒక వాడలో సిమెంటు పరుస్తుంటే చూడడానికి పోయినాను. గడ్డం నెరిసిన ఒక నేతగాడు మేస్త్రీ దగ్గర నిలబడి, పడుగు సాచడానికి గుంజలు నాటే చోట రెండు పక్కలా కొంచెం మట్టి వదలమని అడుగుతున్నాడు. అంచనాలో అది లేదని మేస్త్రీ అన్నాడు. వాళ్లిద్దరూ ఇంకా మాట్లాడుకుంటుండగానే నేను ఇంటికి వచ్చినాను. సాయంత్రం మళ్లీ ఆ దారిన పోయినప్పుడు చూస్తే, పచ్చి సిమెంటులో రెండు పక్కలా జానెడు జానెడు వెడల్పున మట్టి కనిపించింది.